చెరువు ఎదురుగానా, హైవే పక్కనా, పాత కాలనీలోనా: హైదరాబాద్‌లో మూడు ఫ్లాట్ల పర్యావరణ పరిశీలన

ఈ కేసులో మమ్మల్ని పర్యావరణ పరిశీలనకు పిలిచిన కొనుగోలుదారులు హైటెక్ సిటీలో పనిచేసే దంపతులు. ఇంట్లో ఇద్దరు పిల్లలు, నాయనమ్మ. చిన్నవాడికి ఉబ్బసం, చలికాలం వస్తే ఇన్‌హేలర్ తప్పదు. వడపోత అయ్యాక మూడు ఫ్లాట్లు మిగిలాయి. మొదటిది బాచుపల్లి, నిజాంపేట మధ్య చెరువుకు ఎదురుగా కట్టిన కొత్త అపార్ట్‌మెంట్‌లో ఆరో అంతస్తు. రెండోది కొంపల్లి దగ్గర 44వ నంబరు జాతీయ రహదారికి ఆనుకుని ఉన్న 110 ఫ్లాట్ల సముదాయం. మూడోది కేపీహెచ్‌బీ కాలనీ దగ్గర, పాత అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తు. ధర, టైటిల్, లోను సంగతి లాయరు, బ్యాంకు చూసుకున్నారు. ఇక్కడ రాసింది నేల, నీరు, గాలి, చప్పుడు, వేడి గురించి మాత్రమే. మనుషులనూ నిర్మాణ సంస్థలనూ గుర్తుపట్టే వివరాలు తీసేశాం.

కుటుంబం మనసు మొదటి ఫ్లాటు మీదే ఉంది. బాల్కనీలో నిలబడితే నీళ్లు, కొంగలు, అవతలి గట్టున చెట్లు. నాయనమ్మకు నడక దారి. ఆ వీక్షణానికి చదరపు అడుగుకు అదనపు ధర కూడా అడుగుతున్నారు. రెండోదాని మీద హైవే చప్పుడు భయం, మూడోదాని మీద పాతదన్న చిన్నచూపు. పరిశీలన ముగిసేసరికి ఈ వరుస తిరగబడింది. ఎందుకు తిరగబడిందో చెప్పడమే ఈ రాత ఉద్దేశం.

ముందు రెండు కుప్పలు

పర్యావరణ అంశాలన్నిటికీ మార్కులు వేసి కూడే పద్ధతి ఒకటి ఉంది. నీటికి పది, గాలికి పది, పచ్చదనానికి పది అంటూ. మేం దాన్ని వాడం. చెరువు వీక్షణానికి పడ్డ తొమ్మిది మార్కులు ముంపుకు పడ్డ రెండు మార్కులను కప్పేస్తాయి. దాని బదులు ప్రతి అంశాన్నీ ఒకే ప్రశ్నతో వేరుచేస్తాం: కొన్నాక దీన్ని డబ్బుతో సరిచేసుకోగలమా, లేదా? నేల వాలు, చెరువు మట్టం, గాలి దిశ, ఎగువన ఉన్న ఫ్యాక్టరీ ఒక కుప్ప. ఇవి కొనేవాడి చేతిలో ఉండవు. బోరు నీటి గట్టితనం, కిటికీలోంచి వచ్చే చప్పుడు, పై స్లాబు వేడి, ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి కేంద్రం) వాసన రెండో కుప్ప. వీటికి ఖర్చు ఎంతో లెక్క కట్టి ధరలోంచి తగ్గించుకోవచ్చు. మొదటి కుప్పలో ఒక్కటి గట్టిగా తప్పినా ఆ ఇల్లు పక్కన పెట్టాల్సిందే. మిగతావన్నీ బేరం.

మొదటి ఫ్లాటు: చెరువు ఎటువైపు?

"చెరువు పక్కన" అంటే ఏమీ తెలియదు. కట్ట కింద ఉన్న ఇల్లు వేరు, శిఖం వైపు ఉన్న ఇల్లు వేరు, అలుగు దగ్గరిది వేరు. కట్ట కింద అంటే ఒకప్పటి ఆయకట్టు. తూము నీళ్లతో వరి పండిన నేల. అక్కడ భయం కట్ట తెగడం. 2020 అక్టోబరులో పాతబస్తీ వైపు పల్లె చెరువు, గుర్రం చెరువు కట్టలు తెగినప్పుడు నష్టపోయింది కట్ట కింది కాలనీలే. శిఖం వైపు అంటే చెరువు నిండేకొద్దీ నీరు వెనక్కి పరుచుకునే అంచు. అక్కడ నీరు నెమ్మదిగా వచ్చి, నెమ్మదిగా పోతుంది, రోజుల తరబడి నిలుస్తుంది. అలుగు కింద అంటే మిగులు నీరు పారే దారి. అక్కడ నీరు వేగంగా వస్తుంది, గోడలు కోసేస్తుంది.

మన అపార్ట్‌మెంట్ శిఖం వైపున, అలుగుకు కొంచెం పక్కగా ఉంది. రెండు ప్రమాదాలూ ఉన్నాయన్నమాట.

కాగితాల పని ఈ క్రమంలో సాగింది. హెచ్ఎండీఏ చెరువుల వెబ్‌సైట్‌లో ఆ చెరువు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి మట్టం) మ్యాపు దించుకోవాలి. ప్రిలిమినరీ నోటిఫికేషనా, ఫైనల్ నోటిఫికేషనా అన్నది మొదట చూడాలి. ప్రిలిమినరీ అయితే గీత మారవచ్చు. తర్వాత గ్రామ నక్షా తెచ్చి సర్వే నంబర్లు సరిపోల్చాలి. భూమి రికార్డు పహాణీలో శిఖం అని రాసి ఉన్న నంబరు ఏదైనా లేఅవుట్‌లో కలిసిందా? శిఖం పట్టా అన్న మాట ఎక్కడ కనిపించినా అక్కడ ఆగి లాయరును పిలవాలి. పట్టా ఉన్నంత మాత్రాన అక్కడ కట్టుకునే హక్కు రాదు. ఆ తర్వాత గూగుల్ ఎర్త్‌లో పాత చిత్రాలు వెనక్కి తిప్పాలి. ఎండాకాలం చిత్రాలు కాదు, అక్టోబరు, నవంబరు నెలలవి. మంచి వానలు పడ్డ ఏడాది అక్టోబరు చిత్రంలో నీటి అంచు ఎక్కడిదాకా వచ్చిందో అది నోటిఫికేషన్ గీతకంటే నమ్మకమైన సాక్ష్యం.

బిల్డరు ఇచ్చిన సాగునీటి శాఖ ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) సక్రమంగానే ఉంది. 2012 నాటి భవన నిబంధనలు, జీవో 168, ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ గీత నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువు, కుంటలకు 9 మీటర్లు వదలాలి. 10 మీటర్లకు మించిన వెడల్పున్న నాలా, వాగులకు 9 మీటర్లు, అంతలోపు వాటికి 2 మీటర్లు. ఈ చెరువు 12 హెక్టార్లది. టవరు గోడ ఎఫ్‌టీఎల్ నుంచి 34 మీటర్ల దూరంలో ఉంది. చట్టం ప్రకారం తప్పు లేదు. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పడ్డాక కొనేవాళ్లందరూ అడుగుతున్న ప్రశ్న, "కూల్చేస్తారా?" అన్నది. దానికి ఇక్కడ జవాబు దొరికింది. చాలామంది అక్కడితో ఆగిపోతారు. అసలు పని అక్కడే మొదలవుతుంది.

ఎఫ్‌టీఎల్ అంటే చెరువు అలుగు దాకా నిండినప్పటి మట్టం. పెద్ద వాన పడితే నీరు అలుగు మీదుగా పారుతుంది. పారాలంటే అలుగు కంటే ఎత్తుకు లేవాలి. అంటే ముంపు గీత ఎప్పుడూ ఎఫ్‌టీఎల్ కంటే పైనే ఉంటుంది. చట్టం చెప్పే 30 మీటర్లు అడ్డంగా కొలిచే దూరం, నీరు చూసేది ఎత్తును. నేల వాలు నూటికి ఒకటి ఉన్న చోట 30 మీటర్లు వెనక్కి జరిగితే మనం ఎక్కింది 30 సెంటీమీటర్లే. నూటికి ఐదు వాలున్న రాతి గట్టు మీద అదే 30 మీటర్లకు మీటరున్నర ఎత్తు వస్తుంది. రెండింటికీ ఎన్ఓసీ ఒకటే.

కాబట్టి దూరం కాదు, మట్టం కొలిచాం. సర్వే ఆఫ్ ఇండియా మ్యాపుల్లో కాంటూరు (ఎత్తు చూపే గీత)ల మధ్య అంతరం చాలా పెద్దది, గూగుల్ ఎర్త్ ఎత్తులు మీటర్లలో తేడా చూపిస్తాయి. ఈ పనికి రెండూ చాలవు. ఎత్తు తేడాలు కొలిచే ఆటో లెవెల్ పరికరంతో ఒక సర్వేయరు సగం రోజులో తేల్చే పని ఇది. కొలవాల్సిన చోట్లు: అలుగు అంచు, గేటు ముందు రోడ్డు నడిమధ్య, సెల్లారు ర్యాంపు పైభాగంలో ఉండే దిమ్మె, ట్రాన్స్‌ఫార్మరు దిమ్మె, లిఫ్టు పిట్ అడుగు, సంపు మూత. ఇంతమాత్రం స్థోమత లేకపోతే మేస్త్రీలు వాడే నీటి ట్యూబుతో గేటు నుంచి ర్యాంపు దాకా, రోడ్డు నుంచి కల్వర్టు దాకా తేడాలైనా చూసుకోవాలి.

ఇక్కడ తేలింది ఇది. అలుగు అంచు కంటే గేటు ముందు రోడ్డు 45 సెంటీమీటర్లు ఎత్తు. అలుగు పక్క గోడల మీద, దిగువ కంచెలో చిక్కుకున్న ప్లాస్టిక్ సంచుల వరుసను బట్టి నీరు అలుగు మీద దాదాపు 70 సెంటీమీటర్లు లేచిన ఆనవాళ్లు ఉన్నాయి. లెక్క ప్రకారం గేటు దగ్గర 25 సెంటీమీటర్ల నీరు. ర్యాంపు దిమ్మె రోడ్డు కంటే 15 సెంటీమీటర్లే ఎక్కువ. అంటే సెల్లారులోకి నీరు దిగుతుంది, కార్లు, పంపులు, ప్యానెల్ బోర్డు అన్నీ అక్కడే. ఇంకో చిక్కు: రోడ్డు మీద తారు వేసిన ప్రతిసారీ పాత పొర గీకకుండా పైన వేస్తే ఐదు నుంచి పది సెంటీమీటర్లు పెరుగుతుంది. రెండుసార్లు వేస్తే ఆ దిమ్మె ఉన్నా లేనట్టే.

నీరు అలుగు మీద అంత ఎత్తుకు ఎందుకు లేచింది? అలుగు దిగువన మిగులు వాగును లేఅవుట్ వాళ్లు రోడ్డు కింద ఒకే ఒక్క 1,200 మిల్లీమీటర్ల పైపులోకి దించారు. దీని లెక్క ఎవరైనా వేసుకోవచ్చు. ఆ పైపులోకి చేరే పరీవాహకం హెక్టార్లలో, గంటకు పడే వాన మిల్లీమీటర్లలో, పక్కా నేలలకు 0.7 గుణకం, మూడూ గుణించి 360తో భాగిస్తే సెకనుకు ఎన్ని ఘనపు మీటర్లో వస్తుంది. ఇక్కడ 60 హెక్టార్లు, గంటకు 60 మిల్లీమీటర్లు అనుకుంటే 7 ఘనపు మీటర్లు. 1,200 పైపు నిండుగా, సెకనుకు 2 మీటర్ల వేగంతో పారినా పట్టేది 2.3 ఘనపు మీటర్లే. చెరువు కొంత నీటిని ఆపుకుని నెమ్మదిగా వదులుతుంది, నిజమే. కానీ ఆ చెరువు ఏడాది పొడవునా మురుగునీటితో అంచుదాకా నిండే ఉంది. నిండిన చెరువు వానను ఆపదు. వెనక ఇంకో మాట కూడా చూడాలి. ఇదే నిజాంపేట వైపు 2016 సెప్టెంబరులో తురక చెరువు పొంగి బండారి లేఅవుట్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. అప్పుడు సెల్లార్లే మొదట మునిగాయి.

చుట్టుపక్కల అడిగే పద్ధతి మీద ఒక మాట. "ఇక్కడ నీళ్లొస్తాయా?" అని అడిగితే అందరూ "లేదండీ" అంటారు. తమ ఆస్తి ధర తగ్గుతుందని భయం, అందులో తప్పు లేదు. "2020 అక్టోబరు వానకు బండ్లు ఎక్కడ పెట్టుకున్నారు?", "కరెంటు ఎన్ని రోజులకు వచ్చింది?", "మీటరు బోర్డు పైకెప్పుడు ఎక్కించారు?" అని అడగాలి. ఆ వానకు బేగంపేటలో ఒక్క రోజులో 190 మిల్లీమీటర్లు దాటింది, ఊరు మొత్తానికీ గుర్తున్న రోజు. ఇస్త్రీ చేసేవాళ్లు, కిరాణా కొట్టువాళ్లు, పాత ఇళ్లవాళ్లు దాపరికం లేకుండా చెప్తారు. పక్క వీధిలో మీటరు పెట్టెలు ఛాతీ ఎత్తులో, గేట్లకు అడుగు ఎత్తు సిమెంటు గడపలు ఉంటే అడగకుండానే అర్థమవుతుంది.

అదే ఫ్లాటు: రాత్రి గాలి

ముంపు ఒక్కటే అయితే ఆరో అంతస్తు మునగదు కదా అని వాదించేవాళ్లు ఉంటారు. ఈ కుటుంబానికి రెండో అడ్డంకి గాలి.

పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామిక ప్రాంతం కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో వేసిన లెక్కల్లో తీవ్ర కాలుష్య ప్రాంతాల్లో ఒకటి. అక్కడి నుంచి జీడిమెట్ల దాకా మందుల తయారీ, రసాయన యూనిట్లు ఉన్నాయి. బాచుపల్లి, మియాపూర్, నిజాంపేట వైపు రాత్రిపూట ఘాటు వాసన వస్తుందన్న ఫిర్యాదులు ఏళ్లుగా వస్తూనే ఉన్నాయి. ఫ్లాటు చూడటానికి జనం ఆదివారం ఉదయం పదకొండుకు వెళ్తారు. అప్పటికి ఎండ నేలను వేడెక్కించి, గాలి పైకి లేచి, అంతా చెదిరిపోయి ఉంటుంది. చలికాలం రాత్రుల్లో నేల దగ్గర చల్లగాలి మూతపడినట్టు నిలిచిపోతుంది, వదిలిన ఆవిరి అక్కడే తిరుగుతుంది. కాబట్టి వెళ్లాల్సిన వేళ రాత్రి పది తర్వాత, మళ్లీ తెల్లవారుజామున నాలుగు, ఐదు మధ్య. వారం మధ్యలో ఒకసారి, సెలవు రోజు ఒకసారి. వాన వెలిసిన రాత్రి తప్పనిసరి.

ఇక్కడ సామాన్యంగా జరిగే పొరపాటు ఒకటి ఉంది. చేతిలో పట్టే పీఎం 2.5 మీటరు కొని, 35 చూపించగానే గాలి బాగుందని తేల్చేయడం. అది ధూళి కణాలను మాత్రమే లెక్కపెడుతుంది. టోలుయీన్, అసిటోన్ లాంటి ద్రావకాల ఆవిరి దానికి కనబడదు. ఆ ఆవిరిని పసిగట్టే చవకైన వీఓసీ సెన్సర్లు అగరుబత్తికీ, ఫినాయిలుకూ కూడా ఎగిరి పడతాయి, వాటి అంకెను నమ్మలేం. ఈ విషయంలో ముక్కే మంచి పరికరం. ముక్కును కాగితం మీద పెట్టాలి: తేదీ, వేళ, గాలి ఎటునుంచి, వాసన ఎలాంటిది, ఎంతసేపు. అదే అపార్ట్‌మెంట్‌లో అద్దెకున్న ఇద్దరిని, రాత్రి వాచ్‌మన్‌ను, తెల్లవారుజామున పాలు వేసే అతన్ని ఈ ఐదు ముక్కలు రాసిపెట్టమని అడిగాం. నాలుగు వారాల కాగితాలు ఒకదానితో ఒకటి సరిపోయాయి: వాయవ్యం నుంచి గాలి తిరిగిన రాత్రుల్లో, పదకొండు దాటాక, కుళ్లిన కోడిగుడ్డు లాంటి వాసన ఒకటి, తీపిగా గొంతు పట్టేది ఇంకొకటి.

మొదటిది ఫ్యాక్టరీలది కాదు, చెరువుదే. మురుగు చేరి, గుర్రపు డెక్క కమ్మేసిన నీళ్లలో అడుగున ప్రాణవాయువు ఉండదు, హైడ్రోజన్ సల్ఫైడ్ లేస్తుంది. దీనికి ఇంట్లోనే సాక్ష్యాలు దొరుకుతాయి. వెండి పట్టీలు, కుందులు నెలలోనే నల్లబడతాయి. ఏసీ ఔట్‌డోర్, ఇండోర్ రాగి కాయిల్స్‌కు సూదిమొన రంధ్రాలు పడి గ్యాసు కారిపోతుంది. ఆ వీధిలో తిరిగే ఏసీ మెకానిక్‌ను అడిగితే ఏ బ్లాకులో ఏటా కాయిల్ మారుస్తున్నాడో చెప్పేస్తాడు. మా దృష్టిలో చెరువు పక్కన ఫ్లాటు చూసేవాళ్లు మొదట కలవాల్సిన మనిషి అతనే.

రెండో వాసనకు మూలం ఏ యూనిట్టో తేల్చడం కాలుష్య నియంత్రణ మండలి పని. కొనేవాళ్లకు తెలియాల్సింది ఒక్కటే: ఉబ్బసం ఉన్న పిల్లవాడు చలికాలం రాత్రులు కిటికీలు మూసుకుని పడుకోవాలి, అయినా పూర్తిగా ఆగదు. ఇళ్లలో వాడే హెపా ఫిల్టరు ధూళిని పడుతుంది, ఆవిరిని పట్టదు. దానికి మందమైన బొగ్గు ఫిల్టరు కావాలి, అది కొన్ని నెలల్లో నిండిపోతుంది. మొదటి ఫ్లాటు అక్కడితో పక్కకు వెళ్లింది.

రెండో ఫ్లాటు: నీటి లెక్క

కొంపల్లి దగ్గరి స్థలం ఎత్తైన రాతి నేల మీద ఉంది. రోడ్డు వాలు సముదాయం నుంచి బయటికే. ఆటో లెవెల్ కొలతల్లో దగ్గరి నాలా అడుగు కంటే గేటు నాలుగు మీటర్లు పైన. ముంపు గురించి ఇంతకంటే రాయాల్సింది లేదు. కానీ ఎత్తైన గ్రానైటు నేల అంటే బోర్లలో నీరు తక్కువ. హైదరాబాద్ రాతిలో నీరు ఇసుకలో నిండినట్టు నిండదు, పగుళ్లలో మాత్రమే ఉంటుంది. పక్క స్థలంలో మూడు ఇంచుల నీరు పడితే ఇక్కడ దుమ్ము లేవవచ్చు.

20 వేల చదరపు మీటర్ల నిర్మాణం దాటిన ఇళ్ల ప్రాజెక్టుకు 2006 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ కింద పర్యావరణ అనుమతి కావాలి. స్టిల్టు, సెల్లారుతో కలిపి ఇది ఆ గీత దాటింది. కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో ఆ ఫైలు ఎవరైనా చూడవచ్చు, అయినా కొనేవాళ్లలో చూసేవాళ్లు చాలా తక్కువ. రోజుకు నీరు ఎంత కావాలి, ఎక్కడి నుంచి వస్తుంది, ఎస్టీపీ సామర్థ్యం ఎంత, జనరేటరు ఎక్కడ పెడతారు, పచ్చదనానికి ఎంత నేల వదిలారు, అన్నీ బిల్డరు స్వయంగా రాసిచ్చినవి అందులో ఉంటాయి. బ్రోచరులో ఉన్న పార్కు, ఆ ఫైలులో ఉన్న పార్కు ఒకటేనా అన్నది ఐదు నిమిషాల పని.

లెక్క ఇలా వేశాం. మనిషికి రోజుకు 135 లీటర్లు, అందులో 45 టాయిలెట్ ఫ్లష్‌కు. ఫ్లాటుకు నలుగురు చొప్పున 110 ఫ్లాట్లకు 59,400 లీటర్లు. ఎస్టీపీ సరిగ్గా నడిచి, శుద్ధి చేసిన నీరు వేరే పైపుల్లో ఫ్లష్‌కు వెళ్తే మంచినీరు 39,600 లీటర్లు చాలు. బోర్లు రెండు. మే నెలలో, రెండు గంటలు నడిచాక, రెండింటి నీటినీ 200 లీటర్ల డ్రమ్ములోకి పట్టించి చూస్తే నిండటానికి 3 నిమిషాల 20 సెకన్లు పట్టింది. నిమిషానికి 60 లీటర్లు. మోటారు వేసిన మొదటి పది నిమిషాల ధార చూసి మోసపోకూడదు, అది బోరులో నిలిచిన నీరు. ఆ బోర్లు రోజుకు ఆరు గంటలకు మించి లాగడం లేదు, అంటే 21,600 లీటర్లు. ఎస్టీపీ నడిస్తే లోటు 18,000 లీటర్లు, దాదాపు రెండు పదివేల లీటర్ల ట్యాంకర్లు. నడవకపోతే 37,800, నాలుగు ట్యాంకర్లు. ట్యాంకరుకు ₹1,200 అనుకుంటే ఫ్లాటు మీద నెలకు ₹655 పడేది ₹1,309 అవుతుంది. ఎస్టీపీలోకి గాలి ఊదే బ్లోయరును కరెంటు ఆదా అని రాత్రిపూట ఆపేసే అసోసియేషన్లు ఉన్నాయి. ఆపితే మురుగును శుద్ధి చేసే సూక్ష్మజీవులు చస్తాయి, వాసన లేస్తుంది, ఆ నీరు ఫ్లష్‌లోకి వద్దని జనం గొడవ చేస్తారు, చివరికి మొత్తం మంచినీటి మీదే పడుతుంది. ఇక్కడ బ్లోయరు గంటల మీటరు రీడింగు, కరెంటు బిల్లు, ట్యాంకరు రసీదులు మూడూ పక్కపక్కన పెట్టి చూశాం. బ్లోయరు రోజుకు పది గంటలే నడుస్తోంది. సరిచేయగలిగిన లోపం.

వాననీటి ఇంకుడు గుంతలు ఉన్నాయి కదా అన్నది బిల్డరు జవాబు. ఉన్నాయి, ఉండాలి కూడా. 1,200 చదరపు మీటర్ల డాబా, ఏడాదికి 800 మిల్లీమీటర్ల వాన, 0.8 రాబడి వేస్తే 768 వేల లీటర్లు. ఆ సముదాయానికి పందొమ్మిది రోజుల మంచినీరు. బోరుకు ప్రాణం పోస్తుంది గానీ బోరు బదులు కాదు. పార్కింగు కడిగిన నీరు ఆ గుంతలోకి వెళ్లకుండా చూడటం లోతు కంటే ముఖ్యం.

నీటి నాణ్యతకు టీడీఎస్ (కరిగిన లవణాలు) చూపే పెన్ను చాలదు. బోరు కొళాయి పది నిమిషాలు వదిలి, లీటరు సీసాను అదే నీటితో మూడుసార్లు తొలిచి, గాలి లేకుండా నింపి ఇవ్వాలి. సూక్ష్మజీవుల పరీక్షకు ల్యాబు ఇచ్చే స్టెరైల్ సీసాను తొలచకూడదు, ఐసు పెట్టెలో అదే రోజు చేర్చాలి. అడగాల్సినవి: టీడీఎస్, మొత్తం గట్టితనం, ఫ్లోరైడు, నైట్రేటు, క్లోరైడు, కోలిఫాం (మురుగు కలిసిందని చెప్పే బాక్టీరియా). భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం గట్టితనం లీటరుకు 200 మిల్లీగ్రాముల దాకా మంచిది, వేరే దిక్కు లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు. ఫ్లోరైడు 1, గరిష్ఠం 1.5. నైట్రేటు 45 దాటకూడదు, దానికి మినహాయింపు లేదు. ఈ బోర్లలో గట్టితనం 480, ఫ్లోరైడు 0.9, నైట్రేటు 31 మిల్లీగ్రాములు. గీజరు కాయిల్స్, షవర్లు తెల్లగా పూడిపోతాయి, గట్టితనం తగ్గించే సాఫ్ట్‌నర్ కావాలి. ఆరోగ్యానికి భయం లేదు. నైట్రేటు 45 దాటి, కోలిఫాం కూడా వచ్చి ఉంటే బోరులోకి మురుగు చేరుతోందని అర్థం చేసుకుని లేచి వచ్చేవాళ్లం.

చప్పుడు

హైవే వైపు బ్లాకులో బాల్కనీలో రాత్రి పదకొండుకు 62 డెసిబెల్. నివాస ప్రాంతానికి పరిమితి పగలు 55, రాత్రి పది తర్వాత 45. మూసిన గదిలో కూడా లారీ హారన్లు వినబడ్డాయి. స్లైడింగ్ కిటికీ పట్టాల సందుల్లోంచి గాలితో పాటు చప్పుడూ దూరుతుంది. రబ్బరు గ్యాస్కెట్‌తో తలుపులా మూసుకునే కిటికీ, లామినేటెడ్ అద్దం వేస్తే తేడా బాగా తెలుస్తుంది, కానీ ఏసీ వేసుకోవాల్సిందే. పై అంతస్తుకు వెళ్తే తగ్గుతుందన్నది అపోహ. ప్రహరీ గోడ కాపాడేది కింది రెండంతస్తులనే, పైనున్నవాళ్లకు రోడ్డు నేరుగా కనబడుతుంది, కనబడేది వినబడుతుంది. రోడ్డు చప్పుడు దూరం రెట్టింపైతే మూడు డెసిబెల్ మాత్రమే తగ్గుతుంది. అడ్డంగా కట్టడం ఉంటే ఒక్కసారిగా పడిపోతుంది. వెనక బ్లాకులో నాలుగో అంతస్తు కొలిస్తే 47. ముందు బ్లాకే దానికి గోడ. హకీంపేట, దుండిగల్ వైమానిక స్థావరాల శిక్షణ విమానాలు పగటిపూట తిరుగుతాయి, ఆ సంగతి పనిదినాల్లో వెళ్తేనే తెలుస్తుంది. ఫోను యాప్‌లు ఐదారు డెసిబెల్ అటూ ఇటూ చూపిస్తాయి, పోలికకు పనికొస్తాయి తప్ప అంకెకు కాదు.

మూడో ఫ్లాటు

దీని మీద చిన్నచూపు అన్యాయం. వాటర్ బోర్డు కనెక్షను, డ్రైనేజీ, మెట్రో నడక దూరం, ముంపు చరిత్ర లేదు. పై స్లాబు వేడి ఉంది: ఏప్రిల్ సాయంత్రం నాలుగుకు సీలింగు 43 డిగ్రీలు, కింది అంతస్తులో 36. కూల్ రూఫ్ పూత, లేదా తెల్ల పలకలు వేస్తే అది తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది కూడా. ఉబ్బసం లేని ఇంటికైతే మేం దీన్నే సూచించేవాళ్లం. తప్పింది ఒకే కారణానికి: పడకగదులు రెండూ ప్రధాన రోడ్డు వైపే తెరుచుకుంటాయి, పక్క భవనాలు ఆనుకుని ఉండి వేరే వైపు గాలి లేదు. కిటికీలో ఉంచిన సెన్సరు ఇరవైనాలుగు గంటల సగటు పీఎం 2.5 పరిమితి 60ని పదేపదే దాటింది, అదే రోజుల్లో సనత్‌నగర్ స్టేషన్ సగటు కంటే ఎక్కువగా. పక్కన ఫంక్షన్ హాలు జనరేటరు పొగ పెళ్లిళ్ల రోజుల్లో నేరుగా గదిలోకి. గది దిక్కు మార్చలేం.

తీసుకున్న నిర్ణయం, అగ్రిమెంటులో రాసినవి

కుటుంబం కొంపల్లి సముదాయంలో వెనక బ్లాకు, నాలుగో అంతస్తు తీసుకుంది. చెరువు వీక్షణం పోయిందని నాయనమ్మకు నచ్చలేదు, ఆ లోటు నిజమైనదే. ఆమె నడకకు సముదాయం లోపలి దారి సరిపోతుందా అన్నది ఆమె వచ్చి నడిచి చూశాకే ఖాయం చేశారు.

సాఫ్ట్‌నర్, పడకగదుల కిటికీల మార్పు, ఐదేళ్ల ట్యాంకరు భారం కలిపి లెక్క కట్టి ధరలోంచి తగ్గించమని అడిగారు. అడిగినదాంట్లో మూడింట రెండు వంతులు తగ్గించారు. సేల్ అగ్రిమెంటులో నాలుగు షరతులు చేరాయి. వాటర్ బోర్డు కనెక్షనుకు బిల్డరు కట్టాల్సిన చార్జీల రసీదు రిజిస్ట్రేషన్‌కు ముందే చూపించాలి. ఎస్టీపీకి కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే నడిపే అనుమతి చూపించి, మూడు నెలల శుద్ధి నీటి ల్యాబు రిపోర్టులు ఇవ్వాలి. ముందు బ్లాకు వెనక పెట్టాల్సిన జనరేటరు సైలెంట్ కనోపీ (చప్పుడు ఆపే పెట్టె)తో ఉండి, పొగ గొట్టం భవనం ఎత్తు దాటి పోవాలి. ఇవి జరిగేదాకా ధరలో ఐదు శాతం కుటుంబం దగ్గరే ఆగుతుంది. లోను ఇచ్చే బ్యాంకుకు ఈ చివరి షరతు ముందుగానే చెప్పాలి, లేకపోతే పూర్తి మొత్తం బిల్డరుకు విడుదల చేసేస్తారు.

వెనక ఉన్న ఖాళీ స్థలం గురించి ఒక హెచ్చరిక రిపోర్టులో రాశాం. మాస్టర్ ప్లాన్‌లో అది నివాస జోను, ఎప్పుడైనా అక్కడ కట్టడం లేస్తుంది. అటు రాతి నేల కాబట్టి సెల్లారు కోసం బండ పగలగొడతారు. అందుకని స్వాధీనం తీసుకున్న రోజునే గోడలు, స్లాబు, బాత్‌రూము పలకలు తేదీ కనబడేలా ఫొటోలు తీసి, ఉన్న సన్నని పగుళ్ల మీద పెన్సిలుతో గీత, తేదీ రాసిపెట్టాలి. తర్వాత పగులు ఆ గీత దాటి పెరిగితే ఎవరిని అడగాలో తేలుతుంది.